నాన్నగారి అర్జీల ఫైలు

2024 వేసవిలో లోక్‌సభ ఎన్నికలు జరిగినప్పుడు మా అమ్మాయి మొదటిసారి ఓటు వేసింది. బెంగుళూరులో మేముండే పేటలోని బడిలో గంటన్నర సేపు వరుసలో నిలబడి, వేలి మీద సిరా గుర్తుతో ఇంటికొచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"నాన్నా, నేను మన నియోజకవర్గం అభ్యర్థికి ఓటు వేశాను. మరి ప్రధానమంత్రికి వేసే ఓటు ఎప్పుడు?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "మీ నాన్న బి.కాం. చదివారు. డెబిట్టు, క్రెడిట్టు అడుగు, చెబుతారు. ఇలాంటివి మీ తాతగారిని అడగాల్సింది."

ఆవిడ సరదాకే అంది. కానీ నాకు ఎక్కడో తగిలింది. నాన్నగారు 2016లోనే కాలం చేశారు. ఇలాంటి ప్రశ్నల వెంట ఆయన చివరి రోజుల్లో ఏళ్ళ తరబడి తిరిగారు. అందులో మొదటి నాలుగేళ్ళు నేను ఆయన వెంట లేను. ఊళ్ళో లేకపోవడం ఒక్కటే కాదు, మనసులోనూ లేను. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అమ్మాయికి జవాబు మాత్రం చెప్పాను. ప్రధానమంత్రికి వేరే ఓటు లేదమ్మా. దేశమంతటా 543 నియోజకవర్గాలు, మన కర్ణాటకలో 28. అక్కడ గెలిచినవాళ్ళు కూర్చునేది లోక్‌సభ. ఆ సభలో ఎక్కువమంది ఎవరిని నాయకుడని ఒప్పుకుంటారో ఆయన్నే రాష్ట్రపతి ప్రధానమంత్రిగా నియమిస్తారు. ఆయన, ఆయన మంత్రులు అందరూ కలిసి ఆ సభకే జవాబుదారీ. సభ వద్దన్న రోజున దిగిపోవాలి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయిగారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో విశ్వాసం పోగొట్టుకుంది. ఆ రోజు ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ గారు, కోరాపుట్ లోక్‌సభ సభ్యత్వం ఇంకా వదులుకోలేదు గనక, ఢిల్లీ వెళ్ళి ఓటు వేశారు. ఆ సంగతి మీద పెద్ద చర్చే జరిగింది.

"మరి పి.వి. నరసింహారావుగారు?" అంది మా అమ్మాయి. ఆయన పేరు ఇంట్లో తరచు వినబడుతుంది గనక అడిగింది.

1991 జూన్‌లో ఆయన ప్రమాణస్వీకారం చేసిననాటికి ఏ సభలోనూ సభ్యుడు కారు. ఆరు నెలల్లోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలని నియమం. నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు. అంతకుముందు మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి రెండుసార్లు, తరవాత 1996లో ఒడిశాలోని బరంపురం నుంచి గెలిచారు. తెలుగువాడు తెలుగు రాష్ట్రం బయట ఓటు అడిగి గెలవవచ్చునని మనబోటి వాళ్ళకు ఆయన చూపించారు.

అమ్మాయి తృప్తిపడి స్నానానికి వెళ్ళింది. నేను మంచం కింద ట్రంకు పెట్టె లాగి నాన్నగారి ఫైలు బయటికి తీశాను.

* * *

ఫైలు సంగతికి ముందు మా కుటుంబం సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మగారి పుట్టిల్లు బరంపురం. గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు చేరింది. "నేను ఇల్లు కదల్లేదురా, గుమ్మం కూడా దాటలేదు. పొద్దున్న లేచేసరికి ప్రభుత్వమే మారిపోయింది" అని మా తాతగారు చెప్పేవారు. మన పత్రిక చదివే చాలా కుటుంబాల కథ ఇదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరులో చేరింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణగారి ఊరు తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రలో ఉండి ఆ రోజున మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆయన అప్పుడు ఉపరాష్ట్రపతి. దేశానికి రెండో పెద్ద పదవిలో ఉన్నవారి ఊరైనా సరే, గీత మారితే మారవలసిందే. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది ఆ అధికరణం కిందే.

నాన్నగారి ఊరు కూడా అలాంటి సరిహద్దు ఊరే. పేరు చెప్పను. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు గనక రాష్ట్రం పేరూ చెప్పను. నాన్నగారు తపాలా శాఖలో గుమాస్తాగా చేరి సబ్ పోస్టుమాస్టరుగా 1996లో రిటైరయ్యారు. నేను 1991లో బ్యాంకులో చేరాను. హోసూరు, యానాం, బళ్ళారి, షోలాపూర్, ఇప్పుడు బెంగుళూరు. మా బ్యాంకు నన్ను ఎక్కడికి పంపినా నాకు తెలుగు వినబడుతూనే ఉంది. అది నా అదృష్టం.

మా ఊళ్ళో తెలుగు మాధ్యమం ప్రాథమిక పాఠశాల ఒకటుంది. నాన్నగారు అందులోనే చదివారు, నేనూ అందులోనే అక్షరాలు దిద్దాను. 2009లో అక్కడి టీచరుగారు రిటైరయ్యారు. ఆవిడ స్థానంలో ఎవరూ రాలేదు. రాష్ట్ర భాష చెప్పే మేష్టారే పక్క గదిలోంచి వచ్చి తెలుగు పిల్లల హాజరు వేసి వెళ్ళేవారు. అరవైమంది పిల్లలు ఏడాది తిరిగేసరికి నలభైకి దిగారు.

నాన్నగారికి అప్పుడు డెబ్బై ఒకటి. కలం పట్టుకున్నారు.

* * *

2010లో సెలవుకి వెళ్ళినప్పుడు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఒరే అబ్బాయీ, ప్రధానమంత్రిగారికి ఇంగ్లీషులో ఒక అర్జీ కావాలి. నా ఇంగ్లీషు పోస్టాఫీసు ఇంగ్లీషు. నువ్వు బ్యాంకు ఆఫీసరువి, బాగా రాస్తావు. రాసి పెట్టు."

నేనేమన్నానో ఈనాటికీ గుర్తుంది. "ఈ రోజుల్లో తెలుగు మీడియంలో ఎవరు చదువుతారు నాన్నగారూ? మన పాపని నేనే ఇంగ్లీషు మీడియంలో వేశాను. మీకెందుకీ శ్రమ?"

ఆయన కోప్పడలేదు. "సరేలే, నీకు పనులుంటాయి" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తరవాత నన్ను మళ్ళీ అడగలేదు. తన పోస్టాఫీసు ఇంగ్లీషులోనే, ఒక్కోసారి తెలుగులోనే, రాసుకుంటూ పోయారు.

2013లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నేను నెల రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. మొదటి వారం ఆస్పత్రిలో గడిచింది. ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం ఎడంచేత్తో బీరువా వైపు చూపించారు. లోపల ఆకుపచ్చ అట్ట ఫైలు ఉంది. దాని మీద ఆయన చేతిరాత: 'పాఠశాల'. లోపల 41 అర్జీల నకళ్ళు. ప్రతిదానికీ వెనక రిజిస్టర్డు పోస్టు రసీదు, అందినట్టు వచ్చిన కార్డు, తేదీ వారీగా గుచ్చి ఉన్నాయి. మా బ్యాంకు ఆడిటర్లు చూస్తే మెచ్చుకునేంత శుభ్రంగా ఉంది.

ఆ రాత్రి దీపం పెట్టుకుని ఫైలంతా చదివాను. అర్జీలు వెళ్ళింది ప్రధానమంత్రిగారికి, రాష్ట్రపతిగారికి, కేంద్ర విద్యామంత్రిగారికి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగారికి. వచ్చిన జవాబులు పదకొండు. అన్నింటిలోనూ ఒకటే మాట: మీ అర్జీని తగిన చర్య నిమిత్తం సంబంధిత రాష్ట్ర ప్రభుత్వానికి పంపడమైనది. ఆంధ్ర నుంచి వచ్చిన జవాబు ఇంకా మర్యాదగా ఉంది. సానుభూతి చూపించి, వేరే రాష్ట్రంలోని పాఠశాల విషయంలో తాము చేయగలిగింది లేదని రాశారు.

నాన్నగారు ఢిల్లీకే ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. ముప్పై ఎనిమిదేళ్ళు తపాలా శాఖలో పనిచేసిన మనిషి. ఆయన జీతం ఢిల్లీది, పింఛను ఢిల్లీది, ఆయన సర్క్యులర్లన్నీ ఢిల్లీవి. ఆయనకు సర్కారంటే ఢిల్లీయే. తపాలా మట్టుకు అది నిజమే. బడి సంగతి వేరు.

* * *

ఆ వేరు ఏమిటో నాకు తెలియకపోలేదు. తెలిసీ పట్టించుకోలేదు. ఎందుకంటే బ్యాంకులో నేను రోజూ చేసే పనే అది. ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగినవారి ఫైలు ఒకటి తీసుకోండి. అందులో మూడు ప్రభుత్వాలుంటాయి.

బ్యాంకింగ్ కేంద్రం జాబితాలోది. వడ్డీ రేట్ల మీద, అప్పుల మీద నిబంధనలు రిజర్వు బ్యాంకువి. చెక్కు మీద చట్టం కేంద్రానిది. కానీ ఇంటి స్థలం ఎవరిదో తేల్చే భూమి రికార్డు రాష్ట్రానిది. దస్తావేజు మీద, తనఖా మీద స్టాంపు సుంకం ఎంతో చెప్పేది రాష్ట్రం. హోసూరులో ఒక లెక్క, షోలాపూర్‌లో ఒక లెక్క. కొత్త ఊరికి బదిలీ అయిన ప్రతిసారీ నేను మొదట నేర్చుకునేది అదే. ఇక ఇంటి ప్లాను మంజూరు, ఇంటి పన్ను రసీదు పురపాలక సంఘానివి. ఈ మూడింటిలో ఏ ఒక్క కాగితం లేకపోయినా నేను సంతకం పెట్టను. కేంద్రం కాగితం ఉంది కదా, మునిసిపాలిటీ కాగితం ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వుతాను.

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పని ఇలాగే పంచింది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. రాజ్యాంగం అమల్లోకి వచ్చిననాడు వరసగా 97, 66, 47 అంశాలు. రక్షణ, రైల్వేలు, తపాలా, బ్యాంకింగ్, నాణేలు కేంద్రానివి. పోలీసు, భూమి, వ్యవసాయం, స్థానిక సంస్థలు రాష్ట్రాలవి. వడ్డీ వ్యాపారం రాష్ట్ర జాబితాలో ఉందని చాలామందికి తెలియదు. బ్యాంకు మీద ఫిర్యాదు ఒక చోట, వీధిలో వడ్డీకి తిప్పేవాడి మీద ఫిర్యాదు ఇంకొక చోట. ఉమ్మడి జాబితాలో ఇద్దరూ చట్టం చేయవచ్చు. ఇద్దరి చట్టాలకు పొసగకపోతే మామూలుగా కేంద్రానిది నెగ్గుతుంది. విద్య మొదట ముఖ్యంగా రాష్ట్రాలదే. 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వచ్చింది. అలాగని ఊళ్ళో బడికి మేష్టారిని ఢిల్లీ వేయదు. అది రాష్ట్రం పనే.

మూడో అంతస్తు కొత్తది. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఎప్పటినుంచో ఉన్నా, వాటికి రాజ్యాంగంలో గట్టి చోటు 73, 74 సవరణలతో వచ్చింది. రెండూ 1993లో అమలయ్యాయి. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలన్న నిబంధన వచ్చింది.

ఒక్క యానాం మాత్రం ఈ లెక్కకు కొంచెం అడ్డంగా ఉంటుంది. అక్కడ పనిచేసినప్పుడు నాకు మొదట అయోమయంగా ఉండేది. నాలుగు వైపులా ఆంధ్ర, మాట తెలుగు, కానీ ప్రభుత్వం వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరిలో. 1954లో ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి వచ్చి, ఒప్పందం 1962లో స్థిరపడి, 1963 చట్టంతో శాసనసభ వచ్చింది. కేంద్రపాలిత ప్రాంతమైనా ముఖ్యమంత్రి, మంత్రులు ఉంటారు. యానాం నుంచి ఒక ఎమ్మెల్యే వెళతారు. పైన లెఫ్టినెంట్ గవర్నరు. హైకోర్టు మద్రాసుది. ఒక ముసలాయన డిపాజిట్ రసీదు మార్చుకోవడానికి వచ్చి, "మేనేజరుగారూ, మాకు పుట్టిల్లు గోదావరి, అత్తిల్లు పాండిచ్చేరి. పేచీ వస్తే ఢిల్లీ పెద్దమనిషి" అన్నాడు. ఇంతకన్నా బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

* * *

ఇక నాన్నగారి ఫైలు. బ్యాంకు అలవాటు ప్రకారం ఒక కాగితం తీసుకుని మూడు గళ్ళు గీశాను. ఏ పని మంజూరు చేసే అధికారం ఎవరిది? బడి కట్టడం, పెంకులు, నీళ్ళు మునిసిపాలిటీ. టీచరు పోస్టు, జీతం, పుస్తకాలు రాష్ట్రం. మాతృభాషలో చదువుకునే అవకాశం ఉండాలన్న మాట మాత్రం రాజ్యాంగానిది.

ఆ మాట 350-ఏ అధికరణంలో ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ఆ రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని, అందుకోసం రాష్ట్రపతి రాష్ట్రాలకు ఆదేశాలివ్వవచ్చునని దాని సారాంశం. ఒక్క అధికరణంలో మూడు అంతస్తుల పేర్లూ ఉన్నాయి. నాన్నగారు నాలుగేళ్ళు పై అంతస్తు తలుపే కొట్టారు.

దాని పక్కనే 350-బి ఉంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలంటుంది. 1957లో ఆ కార్యాలయం ఏర్పడింది. ఆయన విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు, అది పార్లమెంటు ఉభయసభల ముందుకు వస్తుంది, రాష్ట్రాలకూ వెళుతుంది. కానీ టీచరును వేయమని ఆయన హుకుం జారీ చేయలేరు. మా ఇన్‌స్పెక్షన్ రిపోర్టు లాంటిదన్న మాట. లోపం చూపిస్తుంది, సరిదిద్దవలసింది బ్రాంచి వాళ్ళే.

పొద్దున్నే నాన్నగారి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆయనకు మాట సరిగా రావడం లేదు. చాలాసేపు విని, ముద్దముద్దగా అడిగారు.

"ఇది నీకు అప్పుడే తెలుసా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తెలుసు నాన్నగారూ."

ఆయన ఏమీ అనలేదు. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఉద్యోగంలో మెమోలు అందుకున్నాను, వినియోగదారుల చేత మాటలు పడ్డాను. ఆ ఉదయం పడ్డ బాధ ఎన్నడూ పడలేదు.

* * *

మరునాడే బయల్దేరాను. మునిసిపాలిటీ పని సులువుగానే అయింది. మా వార్డు కౌన్సిలరు తెలుగు రానివాడే, అయినా వచ్చి చూసి, పెంకులు మార్పించే పని జాబితాలో వేయించాడు. జిల్లా విద్యాధికారి కార్యాలయంలో పోస్టు ఖాళీ ఉన్నమాట ఒప్పుకున్నారు. పై నుంచి మంజూరు రావాలన్నారు. ఆ పై ఎక్కడో, ఆ ఫైలు ఏ బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు.

అప్పుడు మా ఊరి పెద్దలిద్దరితో కలిసి ఎమ్మెల్యేగారి ఇంటికి వెళ్ళాను. ఆయన మాతృభాష తెలుగు కాదు. ఫైలు తిరగేసి, రసీదులు చూసి ఆశ్చర్యపోయారు. "ఇన్ని ఉత్తరాలు రాశారు గానీ, నాకు ఒక్కటీ రాయలేదే?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మన ఓటుతో గెలిచిన మనిషిని, మన భాష కాదని, మనమే పరాయివాణ్ణి చేసుకున్నాం.

ఆయనే దారి చెప్పారు. "ఉత్తరాన్ని ఎవరైనా పక్కన పెట్టవచ్చు. సభలో అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పి తీరాలి. నాలుగు ముక్కల్లో రాసివ్వండి."

ఆ రాత్రి రాశాను. ఫలానా పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయ పోస్టు 2009 నుంచి ఖాళీగా ఉన్నమాట నిజమేనా? నిజమైతే కారణమేమి? ఎప్పటిలోగా భర్తీ చేస్తారు? నాన్నగారికి చదివి వినిపిస్తే, 'ఫలానా' దగ్గర వేలు పెట్టి, పిల్లల సంఖ్య కూడా వేయమన్నారు. వేశాను.

పార్లమెంటరీ పద్ధతి అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతే చెప్పారు. అమెరికా పద్ధతిలో ప్రభుత్వానికి నిలకడ ఎక్కువ, మన పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ. ఎన్నికలప్పుడు ప్రజలు వేసే లెక్క ఒకటి, సభలో ప్రశ్నలు, తీర్మానాలు, అవిశ్వాసాల ద్వారా రోజూ జరిగే లెక్క ఇంకొకటి. మా భాషలో చెప్పాలంటే ఏడాది చివరి ఆడిట్ ఉంటుంది, రోజూ సాయంత్రం నగదు సరిచూసుకోవడమూ ఉంటుంది. రెండోది లేని బ్యాంకును నేను నమ్మను.

ఆ ప్రశ్నకు సభలో రాతపూర్వకంగా జవాబు వచ్చింది. నిజమే, అర్హులైన అభ్యర్థులు దొరకలేదు, చర్య తీసుకుంటున్నాం. మూడే వాక్యాలు. అచ్చయిన ఆ కాగితం ఎమ్మెల్యేగారు నకలు తీయించి పంపారు. నాన్నగారు దాన్ని ఎడంచేత్తో ఫైలులో 42వ కాగితంగా గుచ్చారు. నాలుగు నెలలకు ఒక టీచరు వచ్చింది.

పాఠకులు ఇక్కడ కథ కంచికి వెళ్ళిందనుకుంటారు. వెళ్ళలేదు. వచ్చిన అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం, రాయడం రాదు. ఆమె తప్పేమీ లేదు, ఆమె కూడా మా అమ్మాయిలాగే పెరిగింది. నాకు ఫోనులో ఈ మాట చెబుతూ నాన్నగారు నవ్వారు. జబ్బు చేశాక ఆయన నవ్వు వినడం అదే మొదలు. ఈసారి ఆయన ఢిల్లీకి రాయలేదు. జిల్లా విద్యాధికారికి ఒకటి, ఎమ్మెల్యేగారికి దాని నకలు, ఎడంచేత్తో వంకరటింకర అక్షరాలతో రాశారు. ఆరు వారాల్లో ఇంకొక ఊరి నుంచి తెలుగు చదివిన మేష్టారిని పంపారు. ఆ అమ్మాయి కూడా అక్కడే ఉండి, పిల్లలతో పాటు ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకుందట.

* * *

ఇదంతా చెప్పి ఢిల్లీ అక్కరలేదనడం నా ఉద్దేశం కాదు. కేంద్రం పన్నుల్లో పంచవలసిన మొత్తం నుంచి రాష్ట్రాలకు ఎంత రావాలో ఆర్థిక సంఘం సూచిస్తుంది. పదిహేనో సంఘం 2021-26 కాలానికి 41 శాతమంది. ఊళ్ళో మేష్టారి జీతంలో ఆ పైకం కూడా కలిసే ఉంటుంది. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. మండలిలో కేంద్రం ఓటు విలువ మూడోవంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే ఏ ఒక్క పక్షమూ తనంతట తాను నెగ్గలేదు. రాష్ట్రం ఢిల్లీకి బ్రాంచి ఆఫీసు కాదు. బ్రాంచి అయితే మూసెయ్యమని హెడ్డాఫీసు ఒక్క సర్క్యులరు పంపితే చాలు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావుగారిని గద్దె దించినప్పుడు ఎమ్మెల్యేలను కర్ణాటకలో దాచుకుని, నెల తిరగగానే మళ్ళీ ముఖ్యమంత్రి కావడం మా తరం వాళ్ళకు గుర్తుంది. కర్ణాటక నుంచే వచ్చిన బొమ్మై కేసులో 1994లో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని ఖాయం చేసింది. మెజారిటీ ఉన్నదీ లేనిదీ తేలవలసింది రాజభవనంలో కాదు, సభలో.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మనం ఇక్కడ అల్పసంఖ్యాకులం. అక్కడ తెలుగు రాష్ట్రాల్లో ఒడియా, తమిళం, కన్నడం, మరాఠీ మాట్లాడే కుటుంబాలు అల్పసంఖ్యాకులు. ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లవాడికి, మడకశిర వైపు కన్నడ పిల్లకు అదే 350-ఏ వర్తిస్తుంది. మన బడి కోసం అడిగే నోటితో వాళ్ళ బడి కోసం కూడా అడగగలిగితేనే మన మాటకు బరువుంటుంది.

నాన్నగారు 2016 మాఘమాసంలో పోయారు. బడి ఇంకా ఉంది. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిల్లలు ముప్పైఒక్కమంది. మేష్టారు ఒక్కరే, ఆయనకూ రిటైర్‌మెంటు దగ్గర పడింది. నాకూ రెండేళ్ళే మిగిలింది. ఆయన తరవాత ఎవరన్న ప్రశ్న ఇప్పుడే వేసి ఉంచాలని పోయిన నెల రాశాను. ఈసారి మొదటి ఉత్తరమే సరైన చిరునామాకు వెళ్ళింది.

ఓటు వేసి వచ్చిన రోజు సాయంత్రం మా అమ్మాయి నా పక్కన చేరి ఫైలు తిరగేసింది. ఇంగ్లీషు అర్జీలు చదివి, తెలుగు అర్జీ దగ్గర ఆగిపోయింది.

"ఇందులో తాతగారు ఏం రాశారు నాన్నా?"

చదివి వినిపించబోయి ఆగాను. మొదటి మాట కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం పలికించాను. 'అయ్యా' అన్న ఒక్క మాట చదవడానికి కొంతసేపు పట్టింది. రోజుకొక వాక్యం చొప్పున ఆ అర్జీ పూర్తి కావడానికి మూడు వారాలు పట్టింది. ఇంకా చాలా అర్జీలున్నాయి.